మావయ్య నడుము ఎత్తు

మా అత్త, అంటే నాన్నకి అక్క, పెళ్ళికి ముందు నుంచీ కుట్టుపని చేసేది. పట్నంలో రెండు గదుల అద్దె ఇల్లు, కిటికీ పక్కన మిషను, మెడలో టేపు. వంట మాత్రం మావయ్యది. ప్రెస్సు నుంచి వచ్చి చొక్కా మార్చుకోగానే పొయ్యి దగ్గరికి వెళ్ళేవాడు. పొయ్యి వెలిగించడం తప్ప మా ఆవిడకి ఇంకేమీ రాదని అందరితోనూ చెప్పేవాడు. "అగ్గిపుల్ల కూడా ఆయనే గీస్తాడు" అని అత్త సరిదిద్దేది.

ఆయన రిటైరయ్యాక పల్లెలో ఉండాలని ఇద్దరూ ఒక పాత ఇల్లు కొన్నారు. కప్పు మీద పెంకులు జారిపోయాయి. దొడ్డి నిండా ముళ్ళకంప. మావయ్య బాగా పొడుగు, అత్త ఆయన చొక్కా జేబు దాకా వస్తుంది. కొన్నరోజునే ఆయన అత్త దగ్గరున్న నీలం సుద్దముక్క తీసుకుని, గోడలకి ఆనుకుని నిలబడి, అల్మారా ఇక్కడ, స్విచ్చి ఇక్కడ, వంటగట్టు ఇక్కడ అంటూ తన ఒంటితోనే కొలిచి గీతలు పెట్టాడు. పని మొదలవకముందే గుండె ఆగి పోయాడు.

అత్త సామాను కట్టుకుని ఆ ఇంటికే వెళ్ళిపోయింది. నాన్న వద్దన్నాడు.

"అక్కా, గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాదు నీకు. అక్కడ గాలి భోంచేసి బతుకుతావా?"

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నా పరీక్షలు అయిపోయాయి కాబట్టి సెలవుల్లో నేను తోడుంటాను. సెలవులు అయ్యేలోగా అత్త తన వంట తను చేసుకోగలిగితే అక్కడే ఉండొచ్చు. లేదంటే ఇల్లు అమ్మేసి మా ఇంటికి రావాలి. అత్త సరేనంది. ఆ రోజుల్లో ఆమె దేనికైనా సరే అనే అనేది.

పొద్దున్నే ఇద్దరం దొడ్లో కంప కొట్టేవాళ్ళం. కంప కింద సీసా పెంకులు, ఒంటి చెప్పు, చెక్కుచెదరని ఇనప బకెట్టు దొరికాయి. అత్త బకెట్టు కడిగి, ఎప్పటినుంచో తనదే అన్నట్టు దాంట్లో నీళ్ళు పట్టుకుంది. చేతులకి ముళ్ళు గుచ్చుకున్నా ఆగేది కాదు. గీసుకుపోయిన చోట చూపిస్తే, వేరే ఎవరి చెయ్యో చూస్తున్నట్టు చూసేది. భోజనం రొట్టె, అరటిపళ్ళు, పాలు.

తలుపుల కొలతలు అత్తే ఇచ్చింది. వడ్రంగి మొదటి తలుపు తెచ్చి పెట్టబోతే గుమ్మంలో పట్టలేదు. నాలుగు వైపులా వేలెడంత ఎక్కువుంది.

"అమ్మగారూ, కొలత మీరిచ్చిందే కదా?"

అత్త గుమ్మాన్ని మళ్ళీ కొలిచింది. "కుట్టుకి వదిలాను" అంది.

వడ్రంగికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "తలుపుకి మడతలు పెడతారా అమ్మగారూ! రేపు గుమ్మం లావెక్కితే విప్పుకోవచ్చనా?"

నిచ్చెన మీదున్న మేస్త్రి నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. అత్త మా ముఖాలు చూసి, ఇక్కడ నవ్వాలి కాబోలనుకున్నట్టు కొంచెం నవ్వి ఆపేసింది.

తలుపుని చిత్రిక పడితే సరిపోయింది. వంటగట్టు సంగతి అలా కాదు. గోడ మీది నీలం గీత చూసి మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మా, ఇది మీ గుండెల దాకా వస్తుంది. దింపమంటారా?"

"గీత ఉంది కదా."

"ఉందనుకోండి. కానీ వండేవాళ్ళ ఎత్తుకి కట్టాలి."

"వంట ఆయనే చేస్తాడు" అంది అత్త.

మేస్త్రి నావైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పాల్సింది నేనే. నేను వంగి ఒక ఇటుక తీసి ఆయనకి అందించాను. ఆయన తాపీ తీసుకుని గీత ప్రకారమే కట్టాడు, పైన నల్లరాయి పరిచాడు. గట్టు ముందు నిలబడితే అత్త టికెట్ల కిటికీ దగ్గర నిలబడిన మనిషిలా ఉంది. స్టవ్వు మీద గిన్నె పెడితే లోపల ఏముందో ఆమెకి కనబడదు.

సెలవులు అయిపోవస్తున్నాయి. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"ఏం తిన్నారు?"

"రొట్టె."

"ఇంకా రొట్టేనా?"

ఒక సాయంత్రం అత్త స్టూలు తెచ్చుకుని ఎక్కి బంగాళాదుంపలు ఉడకబెట్టింది. గిన్నె దింపబోతుంటే స్టూలు కదిలి, మరుగుతున్న నీళ్ళు మణికట్టు మీద ఒలికాయి. నేను కుళాయి తిప్పి చెయ్యి దాని కింద పట్టాను.

"కాలిందా అత్తా?"

"కాలినట్టే ఉంది."

చాలాసేపు అలాగే పట్టుకుంది. దుంపలు నేల మీద అక్కడక్కడా పడున్నాయి. నీళ్ళ వంకే చూస్తూ, ఈ పూట బస్సు లేదని చెప్పినంత మామూలుగా అంది:

"ఆయన ఇంక వండడు కదే."

"వండడత్తా."

"మేస్త్రిని రమ్మను."

మర్నాడు మేస్త్రి వచ్చి, ఎంతకి దింపాలని అడిగాడు. పట్నంలో వీధి వీధంతా ఎవరి భుజమెంతో, ఎవరి నడుమెంతో నోటికి చెప్పే మనిషికి తన కొలత తట్టలేదు. టేపు తీసి నాకిచ్చి, గోడకి ఆనుకుని మోచెయ్యి మడిచి నిలబడింది. నేను కొలిచి, మోచేతికి బెత్తెడు కిందగా గీత గీశాను. మావయ్య గీత కంటే చాలా కిందికి వచ్చింది. అత్త రెండు గీతల్నీ చూసి పక్కకి తప్పుకుంది. మేస్త్రి సుత్తి ఎత్తాడు. నల్లరాయి మాత్రం జాగ్రత్తగా తీసి, కొత్త గట్టు మీద పరిచాడు. పగిలిన ఇటుకల్ని అత్త తట్టలో మోసుకెళ్ళి దొడ్లో బురదగా ఉన్నచోట నడవడానికి పరిచింది.

గట్టు ఆరాక మళ్ళీ దుంపలు వండింది. అన్నం కూడా. దుంపలు లోపల పచ్చిగా ఉన్నాయి, అన్నం ముద్దయింది, దేంట్లోనూ ఉప్పు లేదు. కొత్త గట్టుకి ఆనుకుని నిలబడే ఇద్దరం తిన్నాం. అత్త తన కంచంలోది మొత్తం తిని, గిన్నెలో మిగిలింది కూడా వడ్డించుకుంది. రుచి తెలుస్తోందో లేదో నాకు అర్థం కాలేదు.

కాసేపటికి నాన్న ఫోన్ చేశాడు.

"ఏం తిన్నారు?"

"అన్నం, కూర. అత్తే చేసింది."

"నువ్వేం చెయ్యి పెట్టలేదు కదా?"

"లేదు."

"బాగుందా?"

"బాలేదు నాన్నా. తినడం కష్టమయింది."

నా వెనక అత్త గిన్నె తోముతోంది.

"సరే అయితే" అన్నాడు నాన్న. "నీ బట్టలు సర్దుకో. ఆదివారం వచ్చి నిన్ను మాత్రం తీసుకొస్తాను."