మా అత్త చెప్పుకోలేకపోయిన మాట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, అమ్మలారా, మీ అందరికీ వందనాలు. నా పేరు సువార్తమ్మ. మాది సత్యవేడు వైపు పల్లె. మా ఆయన దానియేలు తడ దగ్గర కంపెనీలో షిఫ్టు పని చేస్తారు. మగవాళ్ళు కూడా కూర్చున్న సంఘంలో ఈ సంగతి చెప్పొచ్చా అని చాలా రోజులు తటపటాయించాను. కానీ చెప్పకుండా దాచుకోమని ప్రభువు నన్ను బ్రతికించలేదు కదా!

మా పాప పుట్టిన సంతోషం నేను అనుభవించలేదు. నొప్పులు మొదలైనప్పుడు తొలికాన్పు కదా, ఆలస్యమవుతుందిలే అని ఇంట్లోనే ఉంచారు, పొద్దు వాలింది, మళ్ళీ పొద్దెక్కింది, బిడ్డ తల కిందికి దిగి అక్కడే ఇరుక్కుపోయింది, చివరికి ఆసుపత్రికి చేర్చేసరికి నాకు స్పృహ కూడా సరిగా లేదు. పాప బ్రతికింది, దేవునికే మహిమ! నేనూ బ్రతికాను. ఇంటికి వచ్చిన కొద్ది రోజులకు ఒక ఉదయం లేచి చూస్తే చాప అంతా తడి. పాప తడిపిందనుకున్నాను. పాప ఊయలలో ఉంది. ఆ తడి నాది.

అప్పటి నుంచి మూత్రం నా అధీనంలో లేదు. వస్తున్నట్టు తెలియదు, ఆపుదామంటే ఆగదు, కూర్చున్నా లేచినా పాపకు పాలిస్తున్నా కారుతూనే ఉండేది. మా అత్త సుందరమ్మకు చెబితే, "బాలింతలకు ఇట్లాంటివి ఉంటాయిమే, పచ్చి ఒళ్ళు గదా, అదే సర్దుకుంటాది" అనింది. సర్దుకోలేదు. పాత చీరలు చింపి గుడ్డలు పెట్టుకున్నాను, తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి, నీళ్ళు తాగితే ఎక్కువవుతుందని నీళ్ళు మానేస్తే మంట పుట్టింది, పాలు తగ్గిపోయాయి, పాప ఆకలికి ఏడుస్తుంటే నేనూ దానితో కలిసి ఏడ్చేదాన్ని. మా ఆయన ఒక్క మాట అనలేదు, కానీ నా దగ్గర కూర్చోవడం మానేశారు. పని నుంచి రాగానే పాపను ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళిపోయేవారు. తిట్టినా బాగుండేది.

ఒక ఆదివారం ధైర్యం చేసి ఇదే మందిరానికి వచ్చి, వెనక తలుపు దగ్గర కూర్చున్నాను. మోకరించి లేచేసరికి కింద చాప తడిసిపోయింది. పక్కనున్న ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తన బిడ్డను అటు లాక్కుంది. ఆమెను నేను తప్పుపట్టను, ఆమెకేం తెలుసు! ప్రభువు బల్లలో చేయి వేయకుండానే, రొట్టె ముక్కయినా ముట్టకుండానే పాపను చంకనేసుకుని వెళ్ళిపోయాను. నాలో ఒప్పుకోని పాపమేదో ఉందని కొందరన్నారు. నేనూ నమ్మాను. ఇంట్లో గోడ వైపు తిరిగి, "ప్రభువా, నేనేం చేసినానయ్యా? బిడ్డను ఇచ్చి, ఆ బిడ్డను పక్కలో పండబెట్టుకునే భాగ్యం తీసేసినావే! నన్ను బాగుచెయ్యి, లేదంటే తీసుకునిపో" అని ప్రార్థించేదాన్ని. ఆ రెండో మాటే ఎక్కువగా అడిగేదాన్ని.

నేను కూడికలకు రావడం లేదని మన పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. "దగ్గరకు రావద్దమ్మా, వాసన" అన్నాను. ఆమె వచ్చి నేను కూర్చున్న గోనెపట్టా మీదే, నా పక్కనే కూర్చున్నారు. ఆమె చీర తడుస్తుంటే నాకు ప్రాణం పోయినట్టయింది. ఆమె లేవలేదు. నా చేయి పట్టుకుని, "ఏమైందో చెప్పు తల్లీ, ఎవరికీ చెప్పనులే" అన్నారు. అంతా చెప్పాను. ఆమె ఏడుస్తూ ప్రార్థన చేసి, "సువార్తా, ప్రార్థన చేసుకుని ఇంట్లోనే కూర్చోమని ప్రభువు యాడా చెప్పలేదు. తిరుపతికి పోదాం, పెద్ద డాక్టరుకు చూపించుకుందాం" అన్నారు. తలుపు దగ్గర నిలబడి విన్న మా అత్తకు కోపం వచ్చింది. "ఆడోళ్ళ లోపలి సంగతులు ఊరంతా చాటుకుంటారా ఎవురైనా?" అనింది. కానీ బయలుదేరే రోజున పాస్టరమ్మగారికి జ్వరం తగిలింది, మా ఆయనకు సెలవు దొరకలేదు. పాపను పక్కింట్లో అప్పజెప్పి, "పద" అని నాతో వచ్చింది మా అత్తే.

బస్సు నిండా కొండకు పోయే యాత్రికులు. నా సీటు తడిసింది. దిగేటప్పుడు మా అత్త నా వెనకే అంటుకుని నడిచింది, నా చీర ఎవరికీ కనబడకుండా.

డాక్టరమ్మ పరీక్ష చేసి నెమ్మదిగా చెప్పింది. కాన్పులో బిడ్డ తల చాలాసేపు నొక్కుకుని ఉండడం వల్ల మూత్రసంచికీ కాన్పుదారికీ మధ్య చిల్లు పడింది, ఇది నా తప్పు కాదు, పుండు మానాక ఆపరేషను చేసి మూయవచ్చు. సహోదరులారా, నా తప్పు కాదన్న ఆ మాటకు నేను అక్కడే వెక్కి వెక్కి ఏడ్చాను!

నేను లేవబోతుంటే మా అత్త కదల్లేదు. నేల వైపు చూస్తూ, "డాక్టరమ్మా, నాకు గూడా ఒకటుండాది. ముట్లు ఆగిపోయి శానా ఏండ్లాయ. ఇప్పుడు మళ్ళీ నెత్తురు పడతా ఉండాది" అనింది. ఇంటి దగ్గరి సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. రోజూ నా గుడ్డల బకెట్టు నా చేతిలోంచి లాక్కుని పెరట్లో తనే ఉతికేది. అవన్నీ నావే అనుకున్నాను. వాటిలో తనవీ కలిపి ఉతుక్కుంటోందని నాకు తెలియదు! "ఎందుకు చెప్పలేదత్తా?" అంటే, "మొగుడు పోయినోళ్ళకు ఈ రోగమేందని నవ్వుతారుమే" అనింది.

నాకు ఆపరేషను అయింది. చాలా రోజులు మూత్రానికి గొట్టం పెట్టి ఉంచారు. అది తీసిన రోజున నీళ్ళు తాగి, భయపడుతూ లేచి నిలబడ్డాను. మా అత్త వంగి పక్క మీద అరచేయి పెట్టి చూసింది. "ఆరి ఉండాదిమే! ఆరి ఉండాది!" అని వార్డంతా వినబడేలా అరిచింది. ఇప్పటికీ గట్టిగా దగ్గితే ఒకటి రెండు చుక్కలు పడతాయి, అబద్ధం చెప్పను. కానీ మా పాపను పక్కలో పండబెట్టుకుంటున్నాను. మా ఆయన నా దగ్గర కూర్చుని, "నాకేం చెయ్యాలో తెలీకపాయె సువార్తా" అని ఏడ్చారు. దేవునికే మహిమ!

మా అత్తకు మాత్రం గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సరని తేలింది. చాలా దూరం పాకిపోయింది, ముందే వచ్చుంటే బాగుండేదన్నారు. ఆసుపత్రిలో కరెంటు పెట్టించాము, అదే, రేడియేషను. కొన్నాళ్ళు తేరుకుంది, మళ్ళీ పడిపోయింది. ఈసారి గుడ్డలు నేను ఉతికాను. ఆమె వద్దంటూ కళ్ళు మూసుకునేది, నేను మానలేదు. సంఘమంతా ఉపవాసం ఉన్నారు, మీలో చాలామంది వచ్చి పాటలు పాడారు. ప్రభువు ఆమెను తీసుకున్నాడు. నన్ను బాగుచేసి ఆమెను ఎందుకు తీసుకున్నాడని అడిగితే నాకు తెలియదు, అక్కలారా. ఏడుస్తూనే స్తుతిస్తున్నాను.

ఎప్పుడూ పైకి ప్రార్థన చేయని మా అత్త పోయే ముందు ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకుని చేసింది. "అయ్యా, నాకు సిగ్గు అడ్డం వచ్చె. నా కోడలికి రానియ్యొద్దు. దాని నోరు తెరిసిపెట్టు సామీ." అంతే. ఆమేన్ నేను చెప్పాను.

అందుకే ఈరోజు నిలబడ్డాను. ఈ మందిరంలో కూడా గుడ్డ మడత పెట్టుకుని భయంభయంగా కూర్చున్న అక్క ఉండవచ్చు, గర్భసంచి జారి నడవలేకపోతున్న అమ్మ ఉండవచ్చు, ఆగిపోయిన నెత్తురు మళ్ళీ కనబడి నోరు మూసుకున్న తల్లి ఉండవచ్చు. అన్నలారా, మీ ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. అమ్మా, ప్రభువు నిన్ను చూసి ముక్కు మూసుకోడు, ఆయనను నమ్ము. ఆరాధన అయ్యాక నేను ఆ వెనక తలుపు దగ్గరే ఉంటాను. నా దగ్గరకు రా, పేరు కూడా చెప్పనక్కరలేదు. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుని తిరుపతి బస్సు ఎక్కుదాం.