కొండలరావు గోడ

కొండలరావుకి రెండే గొప్పలు. ఒకటి, పోర్టులో క్రేను నడిపి రిటైరవడం. రెండోది, పాత పోస్టాఫీసు వెనక వాళ్ళ నాన్న కట్టిన మూరెడు మందం గోడల ఇల్లు. హుద్‌హుద్ తుపానుకి వీధిలో రేకులన్నీ లేచిపోతే తన గోడకి బీట కూడా పడలేదని, ఆ రాత్రంతా దాన్ని తానే భుజం పెట్టి ఆపినట్టు చెప్పుకునేవాడు. ఆ కథ వినీ వినీ కోడలు శ్రీవల్లికి విసుగు పోయి అసహ్యం వచ్చేసింది.

శ్రీవల్లి వెనకగదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. వైఫై డబ్బా ఉండేది ముందుగదిలో; మధ్యనున్న ఆ మూరెడు గోడ దాటి సిగ్నల్ సరిగా వచ్చేది కాదు. మీటింగు మధ్యలో అవతలివాళ్ళు నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఆగిపోయేవారు. ఇంకోసారి కాల్ తెగితే హైదరాబాదొచ్చి ఆఫీసులో కూర్చోవాలి, లేదంటే మానెయ్యాలి అని పైవాళ్ళు తేల్చిచెప్పారు. మొగుడు నాగవంశీది పరవాడలో షిఫ్టు ఉద్యోగం. అతన్నీ పసిపిల్లనీ వదిలి వెళ్ళడం ఆమెవల్ల కాదు.

ఒకరోజు నెట్ పూర్తిగా పడకేసింది. వెళ్ళి చూస్తే డబ్బా జాగాలో లేదు. మావగారు దాన్ని తువ్వాల్లో చుట్టి, ఇనపబీరువాలో పట్టుచీరల పక్కన పడుకోబెట్టాడు.

"ఉప్పుగాలికి క్రేన్లే తుప్పట్టిపోతన్నాయి. ఇదెంత?"

"ఇనప బీరువాలోంచి సిగ్నల్ ఎలాగొస్తాది మావయ్యా?"

"వైరు లోపలికి ఎల్తంది కదేటి! నాను క్రేను నడిపినోడ్ని, నాకు సెప్తావేటి?"

ఇంత తెలివితో ఈయన ఎన్ని ఓడల్ని ఏం చేశాడో అనుకుంది శ్రీవల్లి.

డబ్బాని బయటికి తీసింది. మధ్యగోడకి చిన్న చిల్లు పెట్టించి, తీగ లాగి, తన గదిలో ఇంకో డబ్బా పెట్టుకుంటానంది. గోడ జోలికొస్తే ఊరుకోనన్నాడు కొండలరావు. సరే కదాని తీగని గుమ్మంలోంచి లాగింది. మధ్యాహ్నం కునుకు తియ్యబోతూ ఆయన ఆ గుమ్మం టేకు తలుపు ధభీమని వేశాడు. తీగ నలిగింది, మీటింగు తెగింది. ఈసారికి ఊరుకుంటున్నాం, ఇదే ఆఖరు అన్నారు పైవాళ్ళు. శ్రీవల్లి ఏడుస్తుంటే పక్కగదిలోంచి గురక వినిపించింది.

మర్నాడు ఆమె బల్లని ముందుగదిలోకి, డబ్బా పక్కకి లాక్కొచ్చింది. టీవీ కట్టేసింది.

"పగలంతా ఇదే నా ఆఫీసు మావయ్యా. మీరు నా గదిలో కూర్చోండి."

వెనకగదిలో ఆయన ఫోనులో వీడియో పెట్టుకుంటే చక్రం తిరుగుతూనే ఉంది. ఆ గదిలోకి సెల్లు సిగ్నలూ రాదు. ఫోను నెత్తిమీదికెత్తాడు, కిటికీ ఊచల్లోంచి బయటికి చాపాడు. ఫోను కంపెనీని తిట్టాడు, ఆ ఫోను కొనిపెట్టిన బావమరిది నాగబాబుని తిట్టాడు. గోడని మాత్రం ఒక్క మాట అనలేదు.

వారం తిరక్కుండానే గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గింది.

"డ్రిల్లు మిసనోడ్ని పిలిసెయ్యమ్మా. సిన్న సిల్లే కదా."

శ్రీవల్లి గోడని ఎగాదిగా చూసింది.

"వద్దు మావయ్యా. తుపానుకే బీట పడని గోడ, పాడైపోద్ది" అని హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

ఆ రోజు మీటింగు ఒక్కసారి కూడా తెగలేదు.