కాపలా దిబ్బ కింది ఊరు

బోగోలు దాటి సముద్రం వైపు వెళ్తే, సరుగుడు తోటల వెనక ఎత్తైన ఇసుక దిబ్బ మీద సైన్యం కట్టిన పాత కాపలా గది ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు ఓడల జాడ కనిపెట్టడానికి కట్టారట. దాన్ని ప్రభుత్వం పరిరక్షించే ముందు చుట్టుపక్కల నేల పటం గీసే పని నాకు కాంట్రాక్టు మీద వచ్చింది. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నెల్లూరులో ఇంట్లో ఉండలేక వెంటనే ఒప్పుకున్నాను.

రోజూ స్కూటీ తోట చివర ఆపి ఇసుకలో నడిచేదాన్ని. టేపు పట్టే మనిషి లేక ఒక కొస మేకుకు కట్టి కొలిచేదాన్ని. మధ్యాహ్నం ఆ గదిలోనే కూర్చుని, సన్నటి కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ తినేదాన్ని. ఏది సరుగుళ్ల హోరో, ఏది అలల హోరో తెలిసేది కాదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడకుండా వేలెత్తి చూపించి టీ తీసుకునేదాన్ని.

దిబ్బ కింద పల్లంలో ఒకచోట కుండ పెంకులు, మసిబారిన రాళ్లు కనిపించాయి. వాటిని కొలుస్తుంటే, రాలిన సరుగుడాకు ఊడుస్తున్న ఒక ముసలావిడ దగ్గరికి వచ్చింది.

"ఏం కొలస్తుండావు పాపా? అది మావోళ్ల పొయ్యి."

"ఇక్కడ ఇళ్లుండేవా అవ్వా?"

"ఊరే ఉండింది. మా అమ్మ కాపరానికొచ్చింది ఈడికే. మిలిట్రీ పటాలమొచ్చి గుడిసెలు పీకించినారంట. చూపుకు అడ్డమని తాటిచెట్లన్నీ కొట్టేసినారంట. నేను అవతల పల్లెలో పుట్టినా. మా అమ్మ మాత్రం చచ్చేదాకా ఈడికొచ్చి కూర్చునేది. ఏముందే ఈడ అని అడిగితే, నాకు తెలస్తాది లే అనేది."

నేను తల తిప్పుకున్నాను. మా ఇంట్లో మంచం మీద ఆయన పడుకునే వైపు ఎవరినీ కూర్చోనివ్వని సంగతి ఆవిడకు చెప్పలేదు.

మర్నాటి నుంచి అవ్వే టేపు రెండో కొస పట్టుకుంది. వాళ్లమ్మ చూపించిన చోట్లన్నీ ఆవిడకు గుర్తే. తొమ్మిది పొయ్యిల జాడలు దొరికాయి. వాటిని పటంలో చుక్కల గీతలతో గీశాను.

తనిఖీకి వచ్చిన అధికారి పటం చూసి నుదురు చిట్లించాడు.

"మనం కాపాడేది సైన్యం కట్టినదాన్నమ్మా. ఈ గుడిసెలెందుకు?"

"ఈ ఊరిని ఖాళీ చేయించబట్టే సార్, ఆ గదికి సముద్రం కనిపించింది."

ఆయన చాలాసేపు దిబ్బ అంచున నిలబడ్డాడు. చివరికి కంచె గది చుట్టూ మాత్రమే వేయించాడు. గోడలకు సిమెంటు కాకుండా పాత పద్ధతిలో సున్నమే పూయించాడు. పల్లానికి రక్షణేమీ రాలేదు. కానీ పొయ్యిలు చెదరకుండా, అందులో కొత్తగా సరుగుడు మొక్కలు నాటడం మాత్రం ఆపించాడు.

ఆ మాట చెబితే అవ్వ సంతోషిస్తుందనుకున్నాను.

"పటంలో మా అమ్మ పేరు రాసినావా?" అని అడిగింది.

"పటంలో పేర్లు రాయనివ్వరవ్వా. మీ పొయ్యి గీశాను."

"పోనీలే, పొయ్యన్నా ఉండాది," అని ఆవిడ ఆకు మూట కట్టుకుంది. మూట ఆవిడ తలకెత్తి, ఆవిడ తోటలో కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. వాళ్లమ్మ పేరైనా అడిగి ఉండాల్సింది.