ఆయుధ పూజలో కరిగిన స్ఫటికాలు

ఈస్ట్‌లో ఉండే ఒక ఎంజైమ్ ఎన్ని ముక్కలు కూడితే పనిచేస్తుందో తేల్చడం నా పిహెచ్.డి. రెండని మా గైడు, నాలుగని నేను. తేలాలంటే ఆ ఎంజైమ్‌ను స్ఫటికాలుగా పెంచి ఎక్స్‌రేకి చూపించాలి. నాలుగు డిగ్రీల చల్లటి పెట్టెలో, అరచేతంత ప్లాస్టిక్ పళ్లెంలో, ఎనిమిది నెలలు కాచుకుంటే పదకొండు స్ఫటికాలు లేచాయి. ఎక్స్‌రే యంత్రం బెంగుళూరులో ఉంది. దసరా వెళ్లాక వచ్చే సోమవారం మా వంతు.

అవి తొంభైల చివరి రోజులు. మా ల్యాబు హైదరాబాద్‌లో రాయదుర్గం దారిలో ఉండేది. చుట్టూ కంపెనీల కోసం గుట్టలు పేలుస్తున్నారు. నా తోటివాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరిపోతుంటే నేను మాత్రం ఈస్ట్‌ను పట్టుకుని వేలాడాను. నాది అంత మొండితనం.

ల్యాబులో గాజుసామాను కడిగే అటెండరు ఒకాయన ఉండేవాడు. రోజుకూలీ, మా నాన్న వయసు. స్ఫటికాలను పలుకులు అనేవాడు. పొద్దున్నే "మేడం, పలుకులు మంచిగున్నయా?" అని అడిగాకే పనిలోకి దిగేవాడు.

దసరాకి ముందురోజు ఆయుధ పూజ. ఆయన మైక్రోస్కోపు మొదలు ఫ్రిజ్ దాకా అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టాడు.

"మేడం, మీ పళ్లెం ఒక్కటే మిగిలింది. తెస్తరా?"

వేడి తగిలితే కరుగుతాయని, దాన్ని బయటికి తీయకూడదని ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఐదు నిమిషాలేగా అనుకున్నాను. నిజం చెప్పాలంటే సోమవారం తలుచుకుంటే భయంగా ఉంది. బొట్టు పెడితే మంచి జరుగుతుందనిపించింది. నా చేతులతోనే తెచ్చి దీపం పక్కన పెట్టాను.

కొబ్బరికాయ కొట్టాల్సిన గైడు గంట ఆలస్యంగా వచ్చారు. పూజలో పెట్టిన వస్తువును హారతి కాకుండా కదపకూడదని, ఇంత చదువుకున్న నేను, నోరు మూసుకుని నిలబడ్డాను. హారతయ్యాక మైక్రోస్కోపు కింద చూస్తే ఒట్టి నీటిచుక్కలే కనిపించాయి. పదకొండూ కరిగిపోయాయి.

"ఎవరమ్మా దీన్ని బయటికి తెచ్చింది?" అన్నారు గైడు.

నేను అటెండరు వైపు చూశాను. ఆ చూపే సరిపోయింది. ఆయన "తప్పయింది సార్" అన్నాడు. పండగ వెళ్లాక గైడు ఆయన్ను ఇక పనికి రావద్దన్నారు.

ఎంత ప్రయత్నించినా స్ఫటికాలు మళ్లీ లేవలేదు. మరుసటి ఏడు వేరే దేశంలో ఎవరో ఆ ఎంజైమ్ నిర్మాణాన్ని ప్రచురించారు. నాలుగు ముక్కలే. నేను చెప్పిందే నిజమైంది. ఏం లాభం? నా మీద నాకే అసహ్యం వేసింది. పిహెచ్.డి. వదిలేసి ఐటీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను.

ఇంటర్వ్యూకి మాదాపూర్ వెళ్తే, గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫాంలో ఆయనే! తల దించుకుని దాటిపోబోయాను.

"మేడం, పలుకులు మల్ల వచ్చినయా?"

"వచ్చాయండీ" అన్నాను.

"ఇంకేంది మేడం! నా నౌకరి పోతే పోయింది" అన్నాడు, నిజంగానే సంతోషపడి.