బావ వినని ఉపగ్రహం

భీమడోలులో రేడియోలు, టీవీలు బాగుచేసే ఏడుకొండలు మా అక్క సత్యవేణి భర్త. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది కూడా ఏడాది తిరక్కుండా పోతుందని ఏలూరు డాక్టరు చెప్పేశాడు. మా బావ బాధపడలేదు, భయపడలేదు. పాసింజర్లో ఇంటికొచ్చి రెండు పెసరట్లు తిన్నాడు. మనిషన్నాక కాస్తయినా చలనం ఉండొద్దా? నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయనకు హామ్ రేడియో, అంటే సరదాకి సొంత రేడియోతో ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడుకునే లైసెన్సుంది. చిన్న కూత, పొడుగు కూతలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్ ఇరవై ఆరేళ్లుగా కొడుతున్నాడు. తను విన్న ప్రతి ఉపగ్రహాన్నీ తేదీ, టైముతో లాగ్‌బుక్కులో రాస్తాడు. ఇక మిగిలిన కోరిక ఒక్కటే. కాలేజీ విద్యార్థులెవరో హామ్ రేడియో వాళ్ల కోసం చేసిన, టిఫిన్ డబ్బా అంత ఉపగ్రహం ఒకటి, పైన భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రానికి చేరింది. బయటికి వదిలేదాకా అక్కడే పెట్టెలో ఉంటుంది. చెవి పోయేలోగా దాన్ని వినాలి.

ఫిబ్రవరిలో వదులుతామన్నారు. తర్వాత ఏప్రిల్ అన్నారు. అదీ వాయిదా పడింది. బావ రోజూ ఫోన్లో చూసి, "ఇంకా లోపలే ఉందోయ్" అనేవాడు. ఆ గొంతులో ఆశా లేదు, విసుగూ లేదు.

ఆగస్టులో వదిలారు. మర్నాడు సాయంత్రం కొల్లేరు వైపు నుంచి పైకొస్తుందని లెక్క తేలింది. మేడ మీద ఆయన చూపించిన వైపల్లా నేను యాంటెన్నా తిప్పాను. స్పీకరు హోరులోంచి సన్నటి కూత వచ్చింది. బావ కుడి చెవి స్పీకరుకు ఆనించి అలాగే ఉన్నాడు.

"వచ్చిందా?" అన్నాడు.

ఆరేసిన బట్టలు తీస్తున్న అక్క, కూతలు వింటూ ఒక్కో అక్షరం గట్టిగా పైకి చదివింది. నేను నోరెళ్లబెట్టాను. ఆమెకు అది ఎవరూ నేర్పలేదు.

పది నిమిషాల్లో ఉపగ్రహం దాటిపోయింది.

"వచ్చింది బావా, రాసేసుకోండి," అన్నాను గట్టిగా.

"నా చెవిన పడనిది రాయకూడదోయ్." తేదీ వేసి, 'వినలేదు' అని రాశాడు. పుస్తకం మూసేశాడు.

తర్వాత అక్కను పిలిచాడు. "నీకిది ఎప్పట్నుంచి వచ్చు?"

"ఇరవయ్యేళ్ల నుంచీ వచ్చండీ. మీరు అక్షరాలు పైకి చెప్పుకుంటూ కొట్టేదంతా వంటింట్లోకి వినిపించేదిగా."

"మరి నాకు చెప్పలేదేం?"

అక్క ఆయన కుడి చెవి దగ్గరికి వంగింది.

"చాలాసార్లు చెప్పానండీ. మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉండేవారు."

బావకు అప్పుడు ఏడుపొచ్చింది.