బస్సు పోని వీధి

మా ఆయన్ని ఊరంతా కండక్టరుగారనే పిలుస్తుంది. రిటైరై ఏడేళ్ళయినా, వార్డు సభ్యుడిగా గెలిచి అయిదేళ్ళు కావస్తున్నా ఆ పిలుపు పోలేదు. పోనివ్వడం ఆయనకీ ఇష్టం లేదు. మునిసిపల్ ఆఫీసులో కుర్చీ ఇస్తే దాన్ని ఖాళీగా వదిలేసి, పొద్దున్నే తన పాత నాలుగో నంబరు బస్సెక్కి, వెనక తలుపు దగ్గర నిలబడి జనంతో మాట్లాడేవాడు. "నా వార్డు నాడి నాకు తెలుసు" అని ఇంట్లో మీసం మెలేసేవాడు. ఆ కోతలు వినలేక నేను వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేలా తోమేదాన్ని.

గెలిచిన ఏడాదికే కాలువ గొడవ మొదలైంది. మా వార్డులోనే ఉన్న పల్లం వీధిలో నిలిచే వాన నీరు పోవాలంటే కాలువ తవ్వాలి. చేతిలో డబ్బు లేదు, అప్పు తేవాలి. అది తీర్చడానికి ఇంటిపన్ను పెంచాలి. సభ్యుల్లో సగం ఇటు, సగం అటు. తేల్చేది మా ఆయన చెయ్యే. బస్సులో అడిగితే అందరిదీ ఒకటే మాట, అప్పు వద్దని. ముందు సీటు లెక్కల మేష్టారయితే "ఉన్నంతలో సర్దుకోవాలి గానీ అప్పు చేసి సోకులేంటి?" అన్నారట. అప్పుకి తన చెయ్యి లేవదని మా ఆయన అక్కడికక్కడే మాటిచ్చేశాడు. బస్సంతా చప్పట్లు. ఆ రాత్రి భోజనం చేస్తున్నంతసేపూ ఆ చప్పట్ల గురించే చెప్పాడు.

ఓటింగుకి ముందురోజు ఈ శుభవార్త పల్లం వీధిలో కూడా చెప్పి వద్దామని నన్నూ బయల్దేరదీశాడు. బస్సు పైన మలుపు దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది, అక్కణ్ణుంచి కిందికి నడకే. ఆయన ఒక ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, "మీ నెత్తిన అప్పు పడనివ్వను, నాదీ పూచీ" అన్నాడు. ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు.

ఇస్త్రీ చేస్తున్న ఆవిడ పెట్టె పక్కన పెట్టింది. "మాకు అప్పు వద్దని మీకెవరు చెప్పారన్నా?"

"బస్సులో అందర్నీ అడిగానమ్మా."

"మా వీధికి బస్సెప్పుడొచ్చింది, మేం ఎక్కడానికి?"

నాకు నవ్వాగలేదు. ఆవిడ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. గోడ మీద నడుమెత్తున బురద చార. మంచం కోళ్ళ కింద ఇటుకలు, బియ్యం డబ్బా అటక మీద. "పన్ను పెరుగుతుందమ్మా, ఏళ్ళ తరబడి కట్టాలి" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"పెరగనీ అన్నా. వానొచ్చినప్పుడల్లా పరుపులు పారేసి కొత్తవి కొంటున్నాం. అది మాత్రం పన్ను కాదా?"

వాకిట్లో చేరినవాళ్ళంతా తలూపారు. మా ఆయన ముఖం చూడాలి, కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

ఇంటికొచ్చాక ఒళ్ళు మండి దులిపేశాను. "ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టారు. దిగినవాళ్ళు ఎటు పోతున్నారో ఒక్కనాడైనా చూశారా?"

"మాటిచ్చానే" అన్నాడు. "ఇప్పుడు తప్పితే ఏ ముఖం పెట్టుకుని బస్సెక్కను?"

ఆ బస్సంటే ఆయనకి ప్రాణం. జాలేసింది. "తప్పండి. కానీ చాటుగా తప్పొద్దు. ఎక్కడ ఇచ్చారో అక్కడే తప్పండి" అన్నాను.

మర్నాడు నేనూ వెంట ఎక్కాను. ఆయన పాత అలవాటుగా బస్సు రేకు మీద దబదబా బాది అందర్నీ తనవైపు తిప్పుకున్నాడు. "నేను మాట తప్పుతున్నాను. ఇవాళ అప్పుకే చెయ్యెత్తుతాను" అన్నాడు.

మేష్టారు లేచి నిలబడ్డారు. "మా ఓట్లతో గెలిచి మాకే టోపీ పెడతావా?"

"గెలిచింది మీ ఓట్లతోనే మేష్టారూ. మీకు నిజంగానే అప్పొద్దు, నేను కాదనను. వార్డంతా ఈ బస్సులోనే ఉందనుకోవడం నా తెలివితక్కువ. నిన్న పల్లంలో అడిగాను, కడతామంటున్నారు. నచ్చకపోతే వచ్చేసారి నన్ను ఓడించండి."

ఇక చూడాలి ఆ బస్సుని. పన్ను ఎంత పెరుగుతుందని ఒకరు, ఇదివరకు పెంచిన పన్ను ఏమైందని మేష్టారు, పల్లంలో నీళ్ళాగితే దోమలు మన ఇళ్ళకి రావా అని ఆస్పత్రి నర్సు. అంతవరకు అందరూ మా ఆయనకే చెప్పుకునేవారు, ఆ రోజు ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు. దిగాల్సిన స్టాపులు దాటిపోయినా ఎవరికీ పట్టలేదు. సగంమంది మాతోపాటే మునిసిపల్ ఆఫీసు దగ్గర దిగి, మెట్లెక్కుతూ కూడా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు ఒళ్ళంతా ఒకటే సంబరం.

లోపల ఓటింగులో ఆయన చెయ్యి అప్పుకే లేచింది. ఒక్క చేతి తేడాతో తీర్మానం నెగ్గింది. బయటికొచ్చాక మేష్టారు "నా ఓటు ఇక నీకు లేదు" అన్నారు. "తెలుసు మేష్టారూ" అన్నాడాయన.

కాలువ పూర్తయింది. ఇప్పుడు బస్సు పల్లం దాకా పోతోంది. వచ్చే వారం మళ్ళీ ఎన్నికలు. నిన్న పొద్దున మేమిద్దరం ఆ బస్సులోనే ఉన్నాం. పల్లానికి అవతల, బస్సు పోని ఇటుక బట్టీల వీధిలో ఇంకా వాన నీరు నిలుస్తోంది, ఆ కాలువని అక్కడిదాకా పొడిగిద్దామా అని ఆయన అడిగాడు. కిటికీ పక్కన దర్జాగా కూర్చున్న ఇస్త్రీ ఆవిడ, "ఇంకో అప్పా? వద్దన్నా. ఇప్పుడు కట్టేదే ఎక్కువ, ఇక మా వల్ల కాదు" అంది. బస్సంతా ఆవిడ పక్షమే, మేష్టారు మరీను.

"వారంలో ఓట్లు పెట్టుకుని ఎందుకొచ్చిన గొడవ, వాళ్ళ మాటకే సరేననండి" అని ఆయన చెవిలో గొణిగాను. ఆయన చివరి స్టాపులో దిగి, బట్టీల వైపు నడక మొదలుపెట్టాడు. తిట్టుకుంటూనే నేనూ వెనకాల పరుగెత్తాను.