జడలో దాచిన పట్టుగూడు

నా చిన్నప్పుడు నేనొక దొంగతనం చేశాను. అలాంటి దొంగతనమే ఒక రాకుమారి కూడా చేసిందని ఇంత వయసొచ్చాక, పరాయి దేశంలో ఈ హామిల్టన్‌లో, మా అమ్మాయి వంటింట్లో కూర్చుని తెలుసుకున్నాను.

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న వరంగల్ పిల్ల కాలేజీలో చైనా చరిత్ర తీసుకుంది. నాకు చదువు రాదు గనుక, తను ఫోన్‌లో చదివి తెలుగులో చెబుతుంటే వింటూ కూర్చుంటాను.

"అప్పట్ల పట్టుపురుగు గుడ్లు దేశం దాటిస్తే తల తీసేటోళ్లంట, అమ్మమ్మా. ఒక రాకుమారి పెండ్లయి వేరే రాజ్యం పోతుంటే జుట్టుల దాచుకొని పోయిందంట. ఆమె తలను ఎవరు వెతుకుతరు?"

నా చేయి నాకు తెలియకుండానే ముడి మీదికి వెళ్లింది.

హిందూపురం వైపు మా ఊళ్లో మా అవ్వ పట్టుపురుగులు మేపేది. పసిబిడ్డల్ని సాకినట్టే సాకేది. తట్టల దగ్గర మమ్మల్ని గట్టిగా తుమ్మనిచ్చేది కాదు. ఒకరోజు అవ్వ వెంట దారం తీసేచోటికి వెళ్లాను. అక్కడ మరిగే నీళ్లలో గూళ్లు పోస్తున్నారు. పురుగు లోపలుండగానే! అంత ముద్దుగా మేపింది ఇందుకా? బుట్టలోంచి ఒక గూడు తీసి, జడలో కనకాంబరాల కింద దూర్చేశాను.

సాయంత్రం తల దువ్వుతూ అవ్వ పట్టేసింది. వీపు పగులుతుందనుకున్నాను. అవ్వ గూడును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

"బతికే ఉండాది. పెట్టుకో పాపా. బయటికొచ్చినాక నువ్వే ఎగరేద్దువులే."

పది రోజులు కాపలా కాశాను. ఒక పొద్దున గూడు కొస తడిసి, తెల్లటి రెక్కల పురుగు బయటికొచ్చింది. దాన్ని మా ఊళ్లో చిలుక అంటారు. అరచేతిలో పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తి ఎగరేశాను. దబ్బున కిందపడింది. మళ్లీ ఎగరేశాను, మళ్లీ పడింది. ఆకలేమోనని బెల్లం నీళ్లు పెట్టాను. ముట్టలేదు.

అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "తినే నోరు దాని పుట్టుకలోనే లేదు పాపా. రెక్కలు మాత్రం మనుషులం పోగొట్టినాము. యా కాలంలోనో చీనా దేశంలో మొదలుపెట్టినారంట. అప్పట్నించీ కూర్చోబెట్టి మేపీ మేపీ ఎగిరేది మరిపించినాము."

మరిగే నీళ్లను చూసినప్పటికంటే ఆ మాటకే ఎక్కువ హడలిపోయాను. చంపేవాళ్లనైతే తిట్టుకోవచ్చు. ఇది ముద్దుగా మేపిన చేతులు చేసిన పని. ముందే ఎందుకు చెప్పలేదని ఏడిస్తే, "చెబితే నమ్ముతావా?" అంది అవ్వ. నాలుగో నాటికి ఆ చిలుక చచ్చిపోయింది.

ఇదంతా నేను చెబితే విని ఆ వరంగల్ పిల్ల ఫోన్ బల్ల మీద పెట్టేసింది. "రెక్కలుండి ఎగరలేదా, అమ్మమ్మా?"

వచ్చిన రోజు నుంచీ ఆ పిల్లకు మూడు పూటలా నేనే వండి కిందికి పంపుతున్నాను. ఆమెకు టీ పెట్టడం కూడా రాదు. కలపబోయిన పప్పన్నం పక్కన పెట్టి, ఖాళీ కుక్కర్ ఆమె చేతికిచ్చాను.

"గిప్పుడా? రేపు క్విజ్ ఉన్నది!"

"విజిల్స్ లెక్కపెడుతూ చదువుకో."

మూతి ముడుచుకుని బియ్యం కడిగింది. ఎవరికైనా ముద్ద కలిపి పెట్టాలనిపించినప్పుడల్లా, ఆ తెల్ల చిలుక ఇప్పటికీ నా అరచేతిలో రెక్కలు కొట్టుకుంటూనే ఉంటుంది.